దించిన మూట

పోలిరాజన్నయ్యకి,

వాట్‌గంజ్ నుంచి నీ చెల్లెలు రాస్తున్నాను. ఫోన్లో భాను పేరు ఎత్తగానే పెట్టేస్తున్నావు. అందుకే కాగితం పట్టాను.

నిన్న నీ కూతురి బొమ్మల ప్రదర్శన చూసొచ్చాను. మన పేట కుర్రాళ్లు మైకు పట్టుకుని డాక్ కూలీల మీద పాడతారే, "మూట ఎత్తడానికి అందరూ వస్తారు, దించడానికి ఎవరొస్తారు" అని! అది విని వేసిందట అన్నీ. మొన్నటిదాకా నాకూ ఆ పాట గోలే. భాను గోనెసంచులు విప్పి, కలిపి కుట్టి, వాటి మీద మోసేవాళ్లను వేసింది. మూటల కింద ఒక్కరి ముఖమూ కనబడదు. హాల్లో ఆ పాట మోగుతుంటే వాళ్లంతా నడుస్తున్నట్టే ఉంది.

చివరి బొమ్మలో మాత్రం ఒకాయన మూట దించి కూర్చున్నాడు. ముఖం నీదే, గడ్డం మీద మచ్చతో సహా. నువ్వలా తీరిగ్గా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు, అది ఎలా ఊహించిందో! పక్కనున్న బెంగాలీ ఆవిడ ఎవరని అడిగితే "ఆమార్ దాదా" అని, మా అన్నయ్యేనని గర్వంగా చెప్పాను.

"నేను సంపాదిస్తన్నాను, ఇంక మూటలు మానీ నాన్నా" అని భాను అన్నందుకేగా నీ కోపం? "బొమ్మలేసి నన్ను సాకుతావేటి?" అన్నావట.

బొమ్మలో మూట దించినా నీ తలగుడ్డ అలాగే ఉంది. "తియ్యడం మర్చిపోనావేటే?" అని భానుని అడిగాను.

"నేదత్తా, అది నాన్నే తియ్యాల" అంది.

ఆదివారం ప్రదర్శనకి ఆఖరు రోజు. హాలు గేటు దగ్గర నీ కోసం నిలబడి ఉంటాను.

చెల్లెలు