నర్సింగానికి నాలుగు మార్కులు

అమ్రోలి, సూరత్.

డాక్టర్ సంధ్యారాణి గారికి, అమ్రోలిలో మరమగ్గాలు నడిపే బిక్షపతి నమస్కరించి రాయునది.

మన తెలుగు ఆడబిడ్డ అడాజన్‌లో అంత పెద్ద ఆసుపత్రిలో ఎమ్మారై బొమ్మలు చదువుతుందంటే మా వాడకట్టంతా గర్వపడుతున్నాం. అందుకే ఈ ఫిర్యాదు మీకే రాస్తున్నాను.

నేనూ మా వియ్యంకుడు నర్సింగమూ మూత్రం ఇబ్బందితో మీ ఆసుపత్రికే వచ్చి ఒకేరోజు ప్రోస్టేట్ స్కాన్ తీయించుకున్నాం. అతనికి డై సూది వేసి తీశారు, నాకు వేయకుండా తీశారు. తీరా చూస్తే ఐదుకు అతనికి నాలుగు, నాకు రెండు! డై వేస్తేనే బట్ట తానులో తప్పొప్పులు తెలుస్తాయని సూరత్‌లో ఎవరినడిగినా చెబుతారు. నన్ను మగ్గం మీంచి దించిన, రంగు వేయని గ్రే బట్టలాగే చూసి మార్కులు వేస్తే ఎలా? అతనేమో సంబరంగా వీధంతా లోచో టిఫిన్ పంచుతున్నాడు. నేను తలెత్తుకోలేకపోతున్నాను. నాకూ డై వేసి మళ్లీ తీయండి.

న్యాయం జరుగుతుందన్న ఆశతో,
బిక్షపతి

తా.క.: రంగు ఎంచుకునే వీలుంటే నీలం వేయండి. మా ఇంటావిడ భాగీరథికి అదే ఇష్టం.

---

అడాజన్.

బిక్షపతి గారికి నమస్కారాలు.

ఆ డై మిల్లుల్లో వేసే రంగు కాదండీ. రక్తం ఎక్కువగా పారే చోట్లు స్కాన్‌లో తేటగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే మందు. అది లేకుండా తీసినా క్యాన్సర్ అంతే బాగా దొరుకుతుందా అని రెండు పద్ధతులనూ పోల్చి చూస్తున్నాం. ఇప్పటిదాకా మాకు పెద్ద తేడా కనిపించలేదు. మీ స్కాన్‌కు ఏ లోటూ లేదు.

అవి మార్కులు కావు, క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే అంకెలు. రెండంటే ఉండే అవకాశం తక్కువ, సంతోషించండి. మరొకరి రిపోర్టు గురించి నేను రాయకూడదు. కానీ నాలుగు వచ్చినవారెవరైనా సరే, లోచో ఆపి, గ్రంథిలోంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్షకు వెంటనే రావాలి. తొందరగా పట్టుకుంటే నయం చేయొచ్చు.

మీ మేలు కోరే,
సంధ్యారాణి

తా.క.: నీలం కావాలంటే ఆవిడకు చీర కొనండి.

---

డాక్టరమ్మకు బిక్షపతి దండాలు.

మీ ఉత్తరం చదివాకే నాలుగంటే ఏమిటో అర్థమైంది. దాన్ని పట్టుకుని పరుగున వెళ్తే నర్సింగం చూడనైనా చూడలేదు. "ఏంది బావా, గిట్ల ఓర్వకపోతే ఎట్ల? నీకు రెండొస్తే నేనేం జెయ్యాలె?" అని అందరి ముందూ నవ్వాడు. ముందు ఒళ్లు మండింది, తర్వాత ఏడుపొచ్చింది. అతను నా కోడలికి తండ్రి.

అందుకని అబద్ధమాడాను. "నాలుగు మార్కులొచ్చినోళ్లకు దవాఖానల శాలువా కప్పి సన్మానం చేస్తరట. నేను గూడ వస్త, నడు" అన్నాను. గురువారం తీసుకొస్తున్నాను. మీరు దయచేసి కాదనకండి.

మీ మీదే భారం వేసిన,
బిక్షపతి

తా.క.: సన్మానానికని కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ముక్క తీసేముందు జాగ్రత్తగా విప్పించండి.

---

బిక్షపతి గారికి నమస్కారాలు.

నర్సింగం గారు రాయమన్నారు కాబట్టే రాస్తున్నాను. ముక్కలో క్యాన్సర్ తేలింది. కానీ గ్రంథి దాటలేదు. ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. సమయానికి తీసుకొచ్చారు.

ఒక సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. ఫలితం చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపోలేదు. సన్మానం ఊసే ఎత్తలేదు.

ధైర్యంగా ఉండమంటూ,
సంధ్యారాణి

తా.క.: మా నర్సు విజయరాణి మీ మాట నిలబెడదామని నిజంగానే శాలువా తెచ్చింది. పెద్ద డాక్టరుగారు అది తనకే అనుకుని కప్పుకుని వెళ్లిపోయారు.

---

డాక్టరమ్మకు వేల దండాలు.

మీకు అర్థం కానిది నాకు తాపీ నది వంతెన మీద తెలిసింది. నర్సింగం ఫలితం విని బయటికొచ్చాక, ఇద్దరం ఆటోలో ఇంటికొస్తుంటే "అబద్ధమాడిన, మాఫ్ చెయ్యి బావా" అన్నాను. నర్సింగం నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాలుగంటే ఏందో రిపోర్టు వచ్చిన్నాడే నాకెర్క. ఇంట్ల ఏడుస్తరని మార్కులన్న. ముక్క తీస్తరంటే మస్తు భయమైంది. సన్మానం లేదని గూడ ఎర్కనే బావా. నువ్వు గూడ వస్తనన్నవ్ గద, గందుకే వచ్చిన."

ఇన్నాళ్లూ ఆ భయాన్ని కడుపులో పెట్టుకుని మమ్మల్ని నవ్వించిన మనిషి నా వియ్యంకుడు. ఈ మాట రాయడానికి నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఇంట్లో అందరికీ చెప్పేశాం. ఆపరేషన్‌కు సిద్ధం.

మీ వాడే,
బిక్షపతి

తా.క.: ఆ రోజు మా వీధిలో మగ్గాలన్నీ బంద్. అందరం వస్తున్నాం. కుర్చీలు సరిపోకపోతే కింద కూర్చుంటాం, మమ్మల్ని కసరొద్దని మీ వాచ్‌మన్‌కు ముందే చెప్పి పెట్టండి.