ఆదివారం పాట తనకే

అక్కా, వందనాలు. కొట్లో బకెట్ల బేరం మధ్యలో టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

నిన్న చర్చి ప్రాక్టీసులో ఆదివారం పాట మా ఆవిడ దగ్గర్నుంచి తీసి ఇంకో అమ్మాయికిచ్చావు. క్వయర్ నడిపేదానివి, మా ఆవిడకి విశ్రాంతిగా ఉంటుందనే అలా చేశావు. తప్పు నాది. మంగళవారం ఆస్పత్రిలో మెడ దగ్గర గడ్డకి సూది పరీక్ష చేసినప్పుడే తను గట్టిగా చెప్పింది, "రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ చెప్పకు. ఈ వారం నన్ను మామూలుగా పాడుకోనీ" అని. సరేనని తలూపాను. మర్నాడు కూడికలో ప్రార్థన మనవులు అడిగేసరికి నా నోరు ఆగలేదు. లేచి అంతా చెప్పేశాను, ఏడ్చాను కూడా. తను పక్కనే తలొంచుకుని కూర్చుంది. అప్పట్నుంచి అందరూ తనతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. తను నాతో అసలు మాట్లాడటం లేదు.

డాక్టర్ గారిని మళ్లీ అడిగాను, పాడొచ్చన్నారు. ఆ పాట తిరిగి తనకే ఇవ్వక్కా. తనంతట తను అడగదు, నీకు తెలుసుగా.

ఈసారి బుద్ధొచ్చి, పంపేముందు ఇంటికెళ్లి ఇదంతా తనకి చదివి వినిపించాను. పంపమనలేదు, వద్దనలేదు. వచ్చి, పాటలకి నేను వాయించే కీబోర్డు పక్కన నిలబడింది.

"శ్రుతి కాస్త దించు. పైకి గొంతు అందడం లేదు" అంది.

ఆ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదక్కా. "ఇది కూడా అక్కకి చెప్పనా?" అని అడిగాను.

"రాయి" అంది.

నీ తమ్ముడు