అనసూయ ఆదివారాలు

డాక్టర్ సాబ్, నమస్తే.

ఈ ఉగాది దాటిన వారంలో అనసూయ తన మాత్ర పూర్తిగా మానేసింది. మీరు పోయి ఏడాది కావస్తోంది. ఈ కబురు మొదట చేరాల్సింది మీకే... ఎక్కడికి పంపను?

వనపర్తిలో మీ క్లినిక్‌కు నేను దగ్గు మందు కోసం వచ్చాను. తోడుగా మా ఆవిడ అనసూయ వచ్చింది. మీరు నా దగ్గు కన్నా ఆమె చేతిలోని ఖాళీ మాత్రల పట్టీని ఎక్కువసేపు చూశారు.

గద్వాల దగ్గర రోడ్డు ప్రమాదంలో ఆమె తమ్ముడు చనిపోయినప్పుడు, దిగులు తగ్గడానికి ఓ డాక్టరు రాసిచ్చిన మాత్ర అది. అప్పుడామె నిద్ర, తిండి మానేసి గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ మాత్రే లేపి నిలబెట్టింది. ఆ తర్వాత ఏ డాక్టరూ చూడలేదు. పట్టీ అయిపోగానే ఎస్టీడీ బూతు పక్కన మందుల దుకాణంలో ఖాళీది చూపించి కొత్తది తెచ్చుకునేవాళ్లం. ఊళ్లో అందరూ చేసేదే. అట్లా ఏళ్లు గడిచాయి.

“ఎందుకు మొదలువెట్టినవో యాదికున్నది. ఇప్పుడెందుకు తింటున్నవో తెల్వదు. గంతేనా అమ్మా?” అన్నారు మీరు.

మానేస్తే మళ్లీ పడిపోతానని ఆమె భయం. ఆదివారం వస్తే తల తిరిగేది, లోపల కరెంటు కొట్టినట్టుండేది, ఊరికే ఏడుపొచ్చేది. మాత్ర వేసుకుంటుంటేనే ఇట్లా ఉంటే, మానేస్తే ఏమవుతుంది?

“గీ రోగం ఆదివారమే ఎందుకొస్తది? దానికి క్యాలెండర్ తెలుస్తదా?” అని అడిగారు మీరు.

అప్పుడు బయటపడింది. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. మాత్ర రాత్రి అన్నం తిన్నాకే వేసుకోవాలని ఎవరో చెప్పారు. శనివారం రాత్రి అన్నం లేదు, కాబట్టి మాత్రా లేదు. ఇది రోగం తిరగబడటం కాదు, మాత్ర తప్పితే వచ్చే బాధ అని మీరు చెప్పారు. విలేకరినైన నా వైపు తిరిగి, “పేపరాయనా, ఊరందర్ని అడుగుతవ్, ఇంట్ల అడగవా?” అని నవ్వారు.

శనివారాలు పాలతో వేసుకోమన్నారు. కొన్నాళ్లకు ఆదివారాలు మామూలయ్యాయి. ఆ తర్వాతే కొద్దికొద్దిగా తగ్గించడం మొదలుపెట్టారు. నేను తొందరపడితే, “ఏండ్లసంది తిన్నది నాలుగు దినాలల్ల ఆపుతమా? జర ఆగు. మళ్ల గావాలంటే మళ్ల తింటది, సిగ్గేముంది?” అన్నారు.

సగం మాత్ర దాకా వచ్చేసరికి మీరు పోయారు... ఇక ఎవరిని అడగాలి? మీరు ముందే చెప్పి ఉంచిన నాగర్‌కర్నూల్ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె మీ పద్ధతినే, అంతే నెమ్మదిగా నడిపించారు.

శ్రావణంలో తమ్ముడి తద్దినం నాడు అనసూయ చాలా ఏడ్చింది. మళ్లీ మొదలైందా? “ఏడుపు వేరు, రోగం వేరు. నిద్ర జూడు, తిండి జూడు” అన్న మీ మాట పట్టుకుని చూస్తూ ఉన్నాను. నిద్రపోయింది. మర్నాడు జొన్నరొట్టెలు చేసింది, తనూ తిన్నది.

మేం మొదట వచ్చిన ఆ రోజు మీరు నాకు దగ్గు మందు రాసి పంపేసి ఉండొచ్చు. బయట బెంచీలు నిండా జనం ఉన్నారు. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమెను అడిగారు. అందుకు మా ఇద్దరి దండాలు.

వచ్చే గురువారం డాక్టరమ్మ రమ్మన్నారు. మాత్ర మానేసి ఆరు నెలలు నిండుతాయి. మళ్లీ కావాలా, అక్కర్లేదా అన్నది ఆ రోజు చూస్తారు. పొద్దున తొమ్మిదింటి బస్సుకు బయలుదేరుతున్నాం. లోపలికి తానొక్కతే పోతానని, నన్ను బయట కూర్చోమని అనసూయ ఇప్పుడే చెప్పింది.