కెజియా అడగని సందేహాలు

మెహరున్నీసా అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన కాలేజీలో నీ స్టాటిస్టిక్స్ క్లాసులు ఇప్పుడు నేనే చెబుతున్నాను.

ఈరోజు ఫైనలియర్ ప్రాజెక్టుల వైవా జరిగింది. కెజియా గుర్తుందా? వాళ్లమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే కూలీ. ఈ పిల్ల తన ప్రాజెక్టులో, మార్కెట్ యార్డుకొచ్చే సరుకును బట్టి మిర్చి ధర ఎలా మారుతుందో లెక్కగట్టింది. రిపోర్టు మరీ బాగుండేసరికి నాకు అనుమానమొచ్చింది.

"ఏఐ రాసిచ్చిందా?" అన్నాను.

"రాయలేదు మేడమ్, నేర్పింది," అంటూ ఫోన్ నా చేతికిచ్చింది.

అందులో చూస్తే, ఒకే సందేహాన్ని ఏఐని తెలుగులో తొమ్మిదిసార్లు అడిగింది. ప్రతిసారీ అది కొత్త ఉదాహరణతో ఓపిగ్గా చెప్పింది. ఒకచోట అది లెక్క తప్పితే ఈ పిల్లే పట్టుకుంది. ఆ లెక్కే బోర్డు మీద చేసి చూపించమని నేనంటే, ఎక్కడా ఆగకుండా చేసింది. ఎంత ముచ్చటేసిందో.

"మరి నన్నెందుకు అడగలేదమ్మా?"

తల దించుకుంది. "మెహరున్నీసా మేడమ్‌ని అడిగేదాన్ని. మీరు రెండోసారికే విసుక్కుంటారు మేడమ్."

పూర్తి మార్కులు వేశాను. వెళ్లబోతుంటే ఆపి, ఇంకేమైనా సందేహం ఉందా అని అడిగాను. కాసేపు తటపటాయించి, ఒకటుందంది.

మూడుసార్లు చెప్పాను అక్కా. మూడోసారికి అర్థమైంది.

నీ
సుజాత