చీటీ అందుకోని చెయ్యి

పెనుకొండ,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి రేష్మకు మీ అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను, మీ నాయన, ఆయన గొర్రెలు అందరమూ బాగున్నాము. ధర్మవరం హాస్టల్లో నువ్వు కూడా వేళకు తింటూ, జడ సరిగ్గా వేసుకుంటూ బాగున్నావనే నమ్ముతున్నాను. నీ జాబు బుధవారం అందింది. మీ నాయనకు రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి అడిగితే, ముందు గొర్రెలకు నీళ్లు పెట్టి రమ్మన్నాను.

అడిగినవాటికి జవాబులు చెబుతాను. మచ్చల గొర్రె ఈనింది. రెండు పిల్లలు, రెండూ బతికాయి. నాయన మోకాలు కొంచెం నయం, మాత్రలు మాత్రం మానేశాడు. ఎందుకు మానావంటే, "నొప్పే లేకపోతే మాత్ర లోపలికి పోయి ఏం చేస్తాది?" అంటాడు. నువ్వు అడిగిన చెనక్కాయ ఉండలు ఈ వారంలోనే చేసి, మా అంగన్‌వాడీ టీచరు నీలావతి మేడమ్ ధర్మవరం వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను. నువ్వొక్కదానివే దాచుకుని తినకు.

ఇక ఇంగ్లీషు సంగతి. 'సో దట్'కూ ఒట్టి 'సో'కూ తేడా ఇప్పుడైనా పట్టుబడిందా అమ్మా అని ఎగతాళిగా రాశావు. పట్టుబడకేం! చేను బలపడాలని అందులో గొర్రెల మందను నిలుపుతాం. అది 'సో దట్', మనం కోరి చేసే పని. వాన రాలేదు, అందుకని చేను ఎండిపోయింది. అది 'సో', మనం కోరినా కోరకపోయినా వచ్చి నెత్తిన పడేది. 'ఇన్ ఆర్డర్ టు' కూడా 'సో దట్' పనే చేస్తుంది గానీ, చొక్కా టక్ చేసుకుని ఆఫీసుకు పోతున్నట్టు ఉంటుంది. నాకు దానితో పడదు.

ఆదివారాలు మాకు ఓపెన్ టెన్త్ పాఠం చెప్పే అమర్‌నాథ్ సార్‌కు నాతో వచ్చిన చిక్కు వేరే. 'బస్సు దొరకాలని పెందలాడే లేచాను' అని బోర్డు మీద రాసి, ఇట్లాంటివి పది రాసుకు రమ్మన్నాడు. "నేను యాడికి పోతాండా సార్, ఆ బస్సెక్కి?" అని అడిగాను. క్లాసంతా నవ్వింది. "నిజమే రాయాలని యాడా లేదక్కా, వాక్యం సరిగ్గా ఉంటే సాలు" అన్నాడు. నాకు చేత కాలేదు తల్లీ. జరగనిదాన్ని జరిగిందని రాయాలంటే పెన్ను కదలదు. 'పిల్లలు అన్నం తినాలని నేను కథ చెబుతాను' అని రాశాను. పదకొండేళ్లుగా అంగన్‌వాడీలో ఆయాగా నేను చేస్తున్నది అదే కదా.

హిందూపురంలో పరీక్ష రోజున కూడా అదే తంతు. 'సో'కూ 'దట్'కూ నడుమ ఒక మాట పెట్టి వాక్యం రాయమన్నారు. ఎండ ఎంత ముదిరిందంటే అని మొదలుపెట్టాను. ఏ ఏటి ఎండ, ఆ ఏడు ఏం జరిగింది అని తలుచుకుంటూ కూర్చున్నాను. అరగంట పోయింది. చివర్లో ఉత్తరం రాయమన్న ప్రశ్న తాకనే లేదు.

ఇంకొక సంగతి జరిగింది, అది నీకు ఫోనులో చెప్పలేదు. పరీక్ష మొదలైన కాసేపటికి ఒకాయన బెంచీ బెంచీకి జవాబుల చీటీలు పంచుతూ వచ్చాడు. ఓపెన్ టెన్త్ అంటే అక్కడ అది మామూలేనట. హాలు కాపలా సార్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నా వంతు వచ్చింది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాను.

"తీసుకో అక్కా, అందరూ రాస్తాండారు గదా."

"నాకొద్దు సార్."

"ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాండా కదా సార్."

"నీ ఒక్కదానికే వచ్చిందా నీతి!" అని చీటీ నా బెంచీ మీద పడేసి పోయాడు. నేను దాన్ని కింద పడేసి, పైన చెప్పు కాలు పెట్టాను. పరీక్ష అయిందాకా ఆ కాలు తీయలేదు.

ఇప్పుడు అసలు మాట. 'మా అమ్మ పాసయిందని ప్రేయర్‌లో చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు' అని నీ జాబులో ఉంది చూడు, ఆ వాక్యం చదివేటప్పుడు నేనూ మీ నాయనా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రేష్మా, నేను పాసవలేదు. ఇంగ్లీషులో నాలుగు మార్కులు తక్కువ వచ్చాయి. ఫలితం వచ్చిన రోజు ఫోనులో వార్డెన్ మేడమ్ గొంతు పక్కనే వినబడుతోంది. నువ్వు "చెప్పు మా, చెప్పు" అని గంతులు వేస్తున్నావు. నిన్ను బాధపెట్టకూడదని పాసయినానమ్మా అనేశాను. ఇంగ్లీషులో ఒక్క అబద్ధం రాయలేనిదాన్ని, కన్నబిడ్డకు తెలుగులో చెప్పాను. పరీక్ష తప్పినందుకు నాకు సిగ్గు లేదు. దీనికి మాత్రం సిగ్గుపడుతున్నాను.

మీ నాయనకు ఆ రోజే చెప్పాను. "చీటీ ముట్టలేదు గదా? మల్లా రాయి. ఒక ఈత తప్పిందని గొర్రెను అమ్ముకుంటామా?" అన్నాడు. నన్ను గొర్రెను చేసినందుకు ఆ పూట రాగిముద్దలోకి పులుసు చేయలేదు.

ఊళ్లో మాత్రం వేరే మాటలు. వచ్చే వేసవికి నీలావతి మేడమ్ రిటైరైతే టీచరు పోస్టు ఖాళీ. పదో తరగతి ఉంటేనే ఆయాకు ఇస్తారు. చీటీతో పాసైన సరోజమ్మ కోడలు అప్పుడే అర్జీ రాయించింది. "తప్పినదానికి ఇంత పొగరు యాడిదో!" అని సరోజమ్మ కొళాయి దగ్గర అంది. సూపర్‌వైజర్ మేడమ్ మంచిమాటగానే, "ఈసారైనా చీటీ తీసుకో హనుమక్కా, పోస్టు పోతే మల్లా రాదు" అంది. "పోతే పోనీ మేడమ్. పిల్లోల్ల చెయ్యి పట్టుకుని అ ఆ దిద్దించల్ల నేను. చీటీ అందుకున్న చేత్తో దిద్దించలేను" అన్నాను. మళ్లీ పరీక్షకు అర్జీ పెట్టేశాను. అదే హిందూపురం, అదే హాలు పడినా సరే. ఈసారి ఎండ గురించి అరగంట ఆలోచించను, అంతే. పోస్టు సరోజమ్మ కోడలికే పోయినా పరీక్ష రాయడం మానను.

నీకొక పని చెబుతున్నాను. ఈ జాబు అందిన మర్నాడు ప్రేయర్‌లో మళ్లీ లేచి నిలబడు. చప్పట్లు వాళ్లకు తిరిగి ఇచ్చెయ్. తలవంచుకుని చెప్పొద్దు, ఇంగ్లీషులో గట్టిగా చెప్పు. వాక్యాలు నేనే రాసి ఇస్తున్నాను. 'మై మదర్ డిడ్ నాట్ టేక్ ద స్లిప్, సో షి ఫెయిల్డ్. షి ఈజ్ రైటింగ్ ఎగైన్ సో దట్ షి కెన్ టీచ్.'

రెండూ నిజమే, ఒకటి జరిగింది, ఇంకొకటి జరుగుతోంది. తప్పులుంటే దిద్ది పంపు.

ఇట్లు,
పరీక్ష తప్పిన మీ అమ్మ,
హనుమక్క.