బుజ్జి బడిలో పులి గొంతు

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం. కొత్త బడిలో బుజ్జి ఎవరితోనూ కలవడం లేదని దిగులుపడుతూ రాశావు. ఇక ఆ దిగులు మానేయి.

వారానికొకసారి దాని బడి లైబ్రరీలో పుస్తకాలు సర్దడానికి వెళ్తున్నాను. మొదటి రోజే గేటు దగ్గర, "లోపల నాతో మాట్లాడొద్దు నాన్నా, అందరూ నవ్వుతారు" అంది. సరేనన్నాను గానీ మనసు చివుక్కుమంది. నిన్న కథలు చదివే టీచరు రాలేదు. పిల్లలు గది పీకి పందిరేస్తుంటే లైబ్రేరియన్ గారు నా చేతిలో ఓ పుస్తకం పెట్టారు. మొహమాటం వదిలేసి, ఇంట్లో చదివినట్టే పులికో గొంతు, నక్కకో గొంతు పెట్టి చదివాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. బుజ్జి మాత్రం బీరువా వెనక్కి జారుకుంది. కథ అయ్యాక ఒక పిల్ల, "ఈయనెవరే?" అని పక్కపిల్లని అడిగింది. బీరువా వెనక నుంచి జవాబొచ్చింది: "మా నాన్న! ఇదేం చూశారు, ఏనుగు గొంతు ఇంకా బాగా చేస్తాడు." అంతే, అందరూ దాని చుట్టూ మూగారు. సాయంత్రం అది స్నేహితురాళ్ళతో కబుర్లాడుతూ ముందు నడిస్తే, నేను దాని సంచీ మోసుకుంటూ వెనక నడిచాను.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? మందు మాననీయకు. ఇటు ఎవరైనా వస్తుంటే అటక మీది బొమ్మల పుస్తకాలు పంపు. చిరిగినా పరవాలేదు, అతికించుకుంటాను. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు

అడ్రసు పక్కన తనూ ఒక ముక్క రాస్తానని బుజ్జి కలం లాక్కుంటోంది:

అత్తా, నువ్వెప్పుడొస్తావు? నిన్ను మా ఫ్రెండ్స్‌కి చూపించాలి.