గాజుపెట్టెలో ఉప్పునీళ్లు

కూర్మన్నపాలెం,
14-3-1984, బుధవారం.

అమ్మకు,

నీ కొడుకు నీలకంఠం కాళ్లకు దండం పెట్టి రాస్తున్న సంగతులు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. మీరంతా కులాసా అని రాయించావు. ఆ ముక్క మావ చేతిరాతలో ఉంది కాబట్టి అది ఎంతవరకు నిజమో నాకు తెలుసు. నీకు చదువు లేకపోవడం వల్ల నీ ఉత్తరాలు రాసేదీ నావి చదివి వినిపించేదీ నీ తమ్ముడే కదా. ఈసారి ఎల్లాజీ మావను మధ్యలో ఆపకుండా చివరిదాకా చదవమను. వరహాలమ్మ అత్తను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకో.

ముందు ఆదివారం మాట. మన ఊరి బంగారమ్మ తల్లి రాయి కనబడకుండా పోయిందని, తల్లికున్న వెండి కళ్ల కోసం పూజారి అయిన మావే దాన్ని మాయం చేశాడని అందరూ అంటున్నారని రాయించావు. ఆదివారం సింహాచలం తీసుకెళ్లి, అప్పన్న ఎదుట కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయిస్తారట. ఇప్పటికే బోరింగు దగ్గర అత్తను బిందె పెట్టనివ్వడం లేదట. మావేమో, "పెమాణం సేత్తాను గానీ, ఆ మెట్లు దిగినాక మళ్లీ ఈ ఊరి మొకం సూడను" అని బట్టలు మూటగట్టుకున్నాడట. చివర్న, "మీ మావే తీసాడని నువ్వూ అనుకుంతన్నావేటిరా?" అని నన్ను అడిగావు. నువ్వు చెబుతుంటే ఆ ప్రశ్నను మావే తన చేత్తో రాశాడు. ఆ ఒక్క వరసలో సిరా అలుక్కుపోయి ఉంది. దానికి జవాబు రాస్తానమ్మా. నేరుగా రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు అడిగిన మిగతావాటికి చెబుతూ చెబుతూ అక్కడికి వస్తాను.

తిండికి లోటు లేదు. వంటాయన మంచివాడు, మిగిలిన కూర నాకోసం గిన్నెలో పెట్టి మూత వేస్తాడు. దగ్గు తగ్గింది. నువ్వు పంపిన జంతికలు మెత్తబడకముందే అయిపోయాయి.

"సేపల్ని పులుసెట్టుకోవాలి గానీ, గాజుపెట్లో ఎట్టుకుని సూత్తారేటిరా?" అని అడిగావు. ఇక్కడ చూస్తారమ్మా. ఇది ఫ్యాక్టరీ కట్టడానికొచ్చిన ఒక కాంట్రాక్టు కంపెనీ గెస్టుహౌసు. బొంబాయి నుంచీ కలకత్తా నుంచీ వచ్చే పెద్దలు హాల్లో ఆ పెట్టెకెదురుగా కూర్చుని టీ తాగుతారు. మా మేనేజరు అచ్యుతరామయ్యగారిది గోదావరి జిల్లా. నోటికి కోపం ఎక్కువే గానీ కడుపులో ఏమీ ఉంచుకోరు. ఆయన మద్రాసు నుంచి పెద్ద గాజుపెట్టె తెప్పించి, అందులో ప్లాస్టిక్ కోట, ప్లాస్టిక్ తామరపూలు, ఎర్రరంగు పూసిన గులకరాళ్లు పెట్టించారు. కుళాయి నీళ్లలో కల్లుప్పు కలిపి పట్టినన్ని చేపలు పోయించారు. తెల్లారేసరికి అన్నీ వెల్లకిలా తేలాయి. అప్పుడు తోటపని చేసుకుంటున్న నన్ను పిలిచి, "ఏవయ్యా, సముద్రం పక్కన పుట్టినవాడివి, రోజూ చాకిరీ లేకుండా చూడ్డానికి బాగుండేలా చెయ్యలేవూ?" అన్నారు.

నాకు తెలిసిందల్లా చిన్నప్పుడు అప్పికొండ రాళ్లలో ఆడిన ఆటే. అలలు వెనక్కి పోయాక గుంటల్లో చారల చేపలు మిగిలిపోతాయి, గుర్తుందా? ఎండకు నీళ్లు కాగినా, వానకు చప్పబడినా అవి ఓ పట్టాన చావవు. వాటిని కొద్దిగానే తెచ్చాను. నీళ్లూ అక్కడివే డబ్బాలతో తెచ్చాను. గుల్లల్లో కాపురముండే పీతల్ని వేశాను, మిగిలిన తిండి అవే ఏరుకుంటాయి. అద్దం మీది పాచిని నత్తలు గీకేస్తాయి. ప్లాస్టిక్ సామానంతా తీసేసి, ఇసుకను ముందు పలచగా, వెనక ఎత్తుగా పరిచాను. వెనక అద్దానికి ముదురు నీలం కాగితం అంటించి, పైన ట్యూబులైటు పెట్టాం. నేనూ మొదట్లో తప్పు చేశాను. ఆవిరైపోయిన నీటి బదులు మళ్లీ సముద్రపు నీళ్లే పోసేవాణ్ణి. నీరు పోతుంది గానీ ఉప్పు పోదు కదా, అది పెరిగిపోయి కొన్ని చేపలు చచ్చాయి. ఇప్పుడు మంచినీళ్లే పోస్తున్నాను. రోజూ చిటికెడు రొయ్యపొట్టు వేసి, అద్దం తుడిస్తే చాలు.

ఇంత చేసినా మధ్యలో బోడిగా ఉండేది. "ఇక్కడ ఎత్తుగా ఏదో ఒకటి ఉండాలయ్యా, కన్ను ఆగడానికి" అని అయ్యగారు రోజూ గొణిగేవారు.

ఉద్యోగం ఎప్పుడు ఖాయం అవుతుందని కూడా అడిగావు. సోమవారం. ఆ రోజు కంపెనీ చైర్మన్‌గారు వస్తున్నారు. ఆయనకు చేపల పిచ్చి ఉందట. పెట్టె నచ్చితే అప్పటికప్పుడు నా పర్మినెంటు కాగితం మీద సంతకం పెట్టిస్తానని అయ్యగారు మాటిచ్చారు. భూమి పోయినవాడికి ఆ కాగితం ఎంతో నీకు చెప్పక్కర్లేదు.

ఇక ఆ మధ్యలో బోడితనం ఎలా పోయిందో రాయాలి.

అమ్మా, మావ తీయలేదు. బంగారమ్మ తల్లిని తీసింది నేను.

ఈ ఫ్యాక్టరీ కోసం మన ఊరు ఖాళీ చేసే రోజుల్లో గాజువాక పక్క కాలనీకి వెళ్లేవాళ్లు తల్లి మాతోనే వస్తుందన్నారు. చోడవరం వైపు పొలాలు కొన్న మీరేమో, కాదు, మాతోనే అన్నారు. తగువు తేలక, మంచిరోజు చూసి కదుపుదామని తల్లిని వేపచెట్టు కింద అలాగే వదిలేశారు. మంచిరోజు కంటే ముందు బుల్డోజరు వచ్చింది. నేను పొద్దువాలే వేళ అటు వెళితే, డ్రైవరు సగం ఊరు చదును చేసి, మిగిలింది రేపని బండి దిగుతున్నాడు. తల్లిని గోనెలో చుట్టి సైకిలు మీద పెట్టుకుని వచ్చేశాను. ఏ పక్షానికి చెప్పినా రెండో పక్షం కర్రలు పట్టుకుంటుంది. కాస్త చల్లారాక మావ చేతిలో పెడదామనుకున్నాను. ఆయన మీదకే నింద వస్తుందని, ఒట్టు, నాకు తోచలేదు.

గెస్టుహౌసు సామాన్ల గదిలో దాచాను. ఎవరైనా చూసి అడుగుతారన్న భయంతో వెండి కళ్లు తీసి గుడ్డలో మూటగట్టి, పసుపూ కుంకుమా కడిగేశాను. ఆ కడగడమే నా కొంప ముంచింది. దుప్పట్ల కోసం గదిలోకి వచ్చిన అయ్యగారికి అది ఉత్త రాయిలాగే కనబడింది. "ఇంత మంచి రాయి దాచిపెట్టుకున్నావేమయ్యా!" అంటూ నేను నోరు తెరిచేలోపు తనే ఎత్తుకుని హాల్లోకి నడిచారు. మోచేతుల దాకా తడుపుకుని ఇసుకలో తనే నిలబెట్టారు. నేను పక్కన నిలబడి చూస్తూ ఊరుకున్నాను. ఊరుకున్నాను అమ్మా, అదే నా తప్పు.

అందంగా ఉంది. అదే నాకు భయం. కడిగిన చోట ఆకుపచ్చ నాచు పట్టింది. చారల చేపలు తల్లి చుట్టూనే తిరుగుతాయి, దీపం ఆర్పితే తల్లి వెనకే చేరతాయి. వచ్చినవాళ్లు బూట్లతో ఎదురుగా నిలబడి సిగరెట్లు కాలుస్తారు, అద్దం మీద వేళ్లతో కొడతారు. ఆ చప్పుడు నా గుండెలో మోగుతుంది. పొద్దున అద్దం తుడిచేటప్పుడు నేను చెప్పులు విప్పేస్తాను. ఎందుకని అయ్యగారు ఓసారి అడిగితే, నేల జారుతోందని చెప్పాను.

నీ ఉత్తరం అందాక ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన కుర్చీలోంచి లేచి, పెట్టెకేసి చాలాసేపు చూసి, మళ్లీ కూర్చున్నారు.

"సోమవారం అయ్యాక తీసుకెళ్లు. ఇప్పుడు కదిపితే నీళ్లు కలకబారతాయి, చేపలు చస్తాయి. నా పరువు పోతుంది, నీ ఉద్యోగమూ పోతుంది. ఒక్క రోజు తేడా కదయ్యా!"

"ఆదివారం మా మావ చేత పెమాణం సేయిత్తారండి."

"చేయనీ. తియ్యలేదు కనక నిజమే చెబుతాడు. దేవుడు ఏమంటాడు?"

"దేవుడేటీ అనడండి. ఊరంతా సూత్తాది."

ఆయన కోపంగా లేచి వెళ్లారు. ఒక రోజంతా నేనూ ఆయన చెప్పినట్టే లెక్కవేసుకున్నాను, నీ దగ్గర దాచడం ఎందుకు. సోమవారం దాకా నోరు మూసుకుంటే ఉద్యోగం వస్తుంది, మంగళవారం తల్లిని తెచ్చి ఏదో ఒకటి చెప్పొచ్చు అనుకున్నాను. కానీ అప్పటికి మావ మెట్లు దిగి వెళ్లిపోయి ఉంటాడు. ఎక్కడని వెతుకుతాను?

శనివారం సాయంత్రం తల్లిని బయటకు తీస్తున్నాను. అప్పికొండ నుంచి ఇంకో రాయి తెచ్చి ఉంచాను, అది తల్లిలా నిలబడదు. చేపలు బతకొచ్చు, బతక్కపోవచ్చు. ఉద్యోగం మాత్రం ఉండదనే అనుకుంటున్నాను. నన్ను తిట్టుకో అమ్మా, ఏడవకు.

ఈ ఉత్తరం శుక్రవారానికి నీకు అందాలి. ఆదివారం పొద్దున సింహాచలం కొండ కింద, మీరు బస్సు దిగే చోట, తల్లిని ఎత్తుకుని నిలబడి ఉంటాను. నేను పసుపు రాయను, ఆ హక్కు మావది. వెండి కళ్లు ఆయన చేతికే ఇస్తాను. తల్లి ఎటు వెళ్లాలో రెండు పక్షాలూ తర్వాత తేల్చుకోవచ్చు. ముందు మాత్రం అత్త బిందె బోరింగు కింద పెట్టాలి.

మావా, ఇక నీతో. "తీసింది నేను" అన్న చోట నీ గొంతు ఆగిపోయి ఉంటుంది. "ఏటిరా, ఆపేసినావు?" అని అమ్మ అడిగే ఉంటుంది. నీకు దండం పెట్టే మొహం కూడా నాకు లేదు. కొండ కింద కనబడ్డాక కొట్టు, తిట్టు, పడతాను. ఇప్పుడు మాత్రం ఆ బట్టల మూట విప్పు. ఈ కాగితాలు పట్టుకుని బోరింగు దగ్గరకు వెళ్లు. ఆడవాళ్లంతా బిందెలతో ఉన్నప్పుడు మళ్లీ మొదటి నుంచి చదువు. ఈసారి గట్టిగా చదువు.

ఇట్లు,
అమ్మకు కొడుకు, మావకు మేనల్లుడు,
నీలకంఠం.